గొడుగుల కొట్టు బ్యాండులో రామచంద్రరావు

రామచంద్రరావుగారు ఇంగ్లీషువాళ్ళ బ్యాండులో చేరింది వాళ్ళమీద ఫిర్యాదు చెయ్యడానికి వెళ్ళి. ఆయన భార్య సీతాలక్ష్మి ఇప్పటికీ ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఈ సంగతి చెప్పకుండా చెయ్యి కడుక్కోదు.

అది 2010 చలికాలం. దోహాలో, ముఐథర్ అనే పేటలో, మా కాంపౌండులో వాళ్ళదీ మాదీ పక్కపక్క విల్లాలు. మధ్యలో పిట్టగోడ, దానిమీద ఇద్దరం ఆరేసుకునే కరివేపాకు. రామచంద్రరావుగారిది తణుకు. ఇక్కడ ఒక కంపెనీలో చిల్లర్ ప్లాంటు మెయింటెనెన్స్ ఇంజనీరు. ఊళ్ళో సగం భవనాలు చల్లగా ఉండటానికి తనే కారణమన్నట్టు ఏ మాల్‌లోకి అడుగుపెట్టినా ముందు పైకప్పు వైపు చూసేవారు. మనిషి నెమ్మది. మాట్లాడే దానికన్నా అడిగేది ఎక్కువ.

శనివారం మధ్యాహ్నాలు కాంపౌండు క్లబ్‌హౌస్‌లో నలుగురు బ్రిటిష్‌వాళ్ళు చేరి డ్రమ్ములు, గిటార్లు మోగించేవారు. రామచంద్రరావుగారి అమ్మాయి చరితకు పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. "మీరు వెళ్ళి చెబుతారా, నన్ను వెళ్ళమంటారా?" అని సీతాలక్ష్మి నిలబడి అడిగింది. ఈయన చెప్పులు వేసుకుని బయల్దేరారు.

ఎంతకీ తిరిగి రాలేదు. చప్పుడు ఆగలేదు సరికదా, అంతకుముందు లేని బరువైన మోత ఒకటి కిందనుంచి తోడైంది. సీతాలక్ష్మి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. చూస్తే ఆయన ఒక మూల కుర్చీలో కూర్చుని బేస్ గిటార్ వాయిస్తున్నారు. కళ్ళు మూసుకుని ఉన్నారు. చెప్పులు పక్కన విడిచి ఉన్నాయి.

జరిగిందేమిటంటే, ఈయన లోపలికి వెళ్ళేసరికి గోడకు ఒక గిటార్ ఆనించి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు. ఫిర్యాదు మరిచిపోయి "అదెవరిది?" అని అడిగారు. "ఎవరిదీ కాదు. దాన్ని వాయించేవాడికి కువైట్ బదిలీ అయింది" అన్నాడు పాట పాడే మార్టిన్. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఈయన వినాయకచవితి పందిళ్ళలో ఆర్కెస్ట్రాతో తిరిగి బేస్ వాయించినవారే. ఉద్యోగం, పెళ్ళి వచ్చాక దాని ఊసెత్తలేదు. సీతాలక్ష్మికే ఆ సంగతి తెలియదు.

"ఇదేమిటండీ?" అంది ఆవిడ ఇంటికొచ్చాక.

"ఏమో సీతా, ఆ పాట ఎటు పోతుందో చూద్దామని పట్టుకున్నాను" అన్నారాయన.

ఇక ఆ బ్యాండు గురించి చెప్పాలి. దాని పేరు ది అంబ్రెల్లా షాప్. లాంకషైర్ వైపు ఒక చిన్న ఊళ్ళో, తొంభైల్లో, ఒక గొడుగుల కొట్టు మేడమీద నలుగురు కుర్రాళ్ళు మొదలుపెట్టారట. రెండు రికార్డులు చేశారు. కొన్నాళ్ళు ఊరూరా వ్యానులో తిరిగారు. తర్వాత ఒకడు పెళ్ళి చేసుకుని, ఒకడు విసిగిపోయి, ఒకడు ఎందుకో చెప్పకుండానే వెళ్ళిపోయారు. మిగిలిన మార్టిన్ టీచరు ఉద్యోగానికి దోహా వచ్చి, ఇక్కడ దొరికిన మనుషులతో అదే పేరుమీద మళ్ళీ మొదలుపెట్టాడు. వాళ్ళది ఇండీ రాక్ అంటే నేనూ సీతాలక్ష్మీ ఇండియా పాటలు కలుపుతారేమో అనుకున్నాం. ఇండీ అంటే ఇండిపెండెంట్ అట. పెద్ద కంపెనీల దయమీద ఆధారపడకుండా సొంతంగా పాటలు చేసుకునేవాళ్ళు. మా ఇద్దరి నోటా మాత్రం అది గొడుగుల కొట్టే అయింది. "ఇవాళ గొడుగుల కొట్టు ఉందా?" అంటే ప్రాక్టీసు ఉందా అని అర్థం.

రామచంద్రరావుగారు ఏ పని చేసినా దాని మూలం దాకా వెళ్ళే మనిషి. చరిత ఆయనకు ఆ పాత రికార్డులు రెండూ ఫోన్లోకి ఎక్కించి ఇచ్చింది. కారులో, ప్లాంటులో, మా పిట్టగోడ దగ్గర మొక్కలకు నీళ్ళు పోస్తూ అవే వినేవారు. తను ఎన్నడూ చూడని ఆ మొదటి బేస్ వాద్యకారుడు, ఆండీ అనే మనిషి, ఎక్కడ నొక్కాడు, ఎక్కడ వదిలాడు అన్నది వెతికేవారు.

"వినండి మాలతిగారూ" అని ఒకరోజు నా చెవికి ఇయర్‌ఫోన్ ఇచ్చారు. "ఇక్కడ చూడండి. పాట మంచి ఊపుమీద ఉండగా బేస్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఒక్క ఊపిరి. మళ్ళీ వస్తుంది. ఎందుకు ఆపాడంటారు?"

"నాకేం తెలుసు అన్నయ్యగారూ! మార్టిన్‌ని అడగకపోయారా?"

"అడిగితే చెప్పేస్తాడు. అప్పుడు ఇంక ఆలోచించడానికేం ఉంటుంది?" అన్నారు.

అలా అడగకుండానే ఆ పాట వచ్చినప్పుడల్లా సరిగ్గా అక్కడ ఆగేవారు. కాంపౌండ్ల పార్టీల్లో, స్కూలు ఉత్సవాల్లో, రగ్బీ ఆడేవాళ్ళ సాయంత్రపు కూడికల్లో వాళ్ళ బ్యాండు వాయించేది. తెల్లవాళ్ళ మధ్య ఈయన ఇస్త్రీ చొక్కా, నుదుట చిన్న బొట్టుతో నిలబడి వాయించేవారు. సీతాలక్ష్మి మొదట్లో వచ్చేది కాదు. తర్వాత వచ్చి, పులిహోర పెట్టిన డబ్బా స్టేజి వెనక ఉంచి, ముందు వరసలో కూర్చునేది.

గల్ఫ్‌కు ఎవరూ ఉండిపోవడానికి రారు కదా. వీసా ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళే స్నేహం. డ్రమ్ములు కొట్టే గ్యారెత్ ప్రాజెక్టు అయిపోగానే వేల్స్ వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినవాడు ఏడాది ఉండి ఒమాన్‌లో తేలాడు. గిటార్ వాయించే హెలెన్ బిడ్డను కనడానికి ఇంటికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. వెళ్ళే ప్రతివాళ్ళకీ ఎయిర్‌పోర్టులో రామచంద్రరావుగారు వీడ్కోలు చెప్పేవారు. కొత్తగా చేరినవాళ్ళకు పాటలు నేర్పేదీ ఆయనే. మార్టిన్‌కు ఓపిక తక్కువ.

హెలెన్ స్థానంలో రఫీయుద్దీన్ వచ్చాడు. హైదరాబాద్ మలక్‌పేట కుర్రాడు, టెలికాం కంపెనీలో ఉద్యోగం. దోహాలోనే మెసైమీర్‌లో భార్య జైబాతో ఉండేవాడు. అతనికి గిటారంటే పిచ్చి, ఇండీ అంటే ఇంకా పిచ్చి. అతనికి ఆ బ్యాండు పేరు ముందే తెలుసు.

2020లో కరోనా వచ్చింది. స్కూళ్ళు మూతపడ్డాయి. ఆ వేసవిలో మార్టిన్ తల్లికి బాగాలేదని ఇంగ్లండ్ వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఫోన్లో రామచంద్రరావుగారితో, "నువ్వు నడుపు రావ్. నీకు ఎలా తోస్తే అలా" అన్నాడు. అంతే. దాంతో గొడుగుల కొట్టులో ఒక్క ఇంగ్లీషువాడు కూడా లేకుండా పోయాడు.

"ఇంకేం మిగిలిందని నడుపుతారండీ?" అని అడిగింది సీతాలక్ష్మి.

"నేనున్నాను. రఫీ ఉన్నాడు. పాటలున్నాయి."

"పాడేదెవరు?"

ఆ ప్రశ్నకు జవాబు జైబా అయింది. ఆ అమ్మాయి ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేసేది. వంటింట్లో పాడుకుంటుంటే రఫీయుద్దీన్ విని లాక్కొచ్చాడు. కాంపౌండువాళ్ళు క్లబ్‌హౌస్ తెరవకపోవడంతో ప్రాక్టీసు మెసైమీర్‌లో వాళ్ళ అద్దె ఇంటి వెనక గదికి మారింది. డ్రమ్ములకు సురేందర్ దొరికాడు. కోరుట్ల మనిషి, ఒక క్యాటరింగ్ కంపెనీలో డ్రైవరు, ఉండేది సనయ్య అనే పారిశ్రామికవాడలో, కార్మికుల క్యాంపులో. వాళ్ళ నాయనది పెళ్ళిళ్ళ బ్యాండు. చిన్నప్పటినుంచీ బరాత్‌ల ముందు సైడ్ డ్రమ్ము మెడకు వేసుకుని నడిచినవాడు. ఇక్కడ బతుకమ్మ కార్యక్రమంలో కొడుతుంటే రఫీయుద్దీన్ చూశాడు.

సురేందర్‌కు మొదట్లో కూర్చుని కొట్టడం వచ్చేది కాదు. "నడుసుకుంట కొట్టెటోన్ని సార్. కూసుంటే కాళ్ళు ఏడ వెట్టుకోవాల్నో సమజైతలేదు" అనేవాడు. అందుకని కొంతకాలం నిలబడే కొట్టాడు. పాటలకు అర్థం చెప్పించుకునేదాకా వదిలేవాడు కాదు. "గీ పాటలన్ని వానల మీదనే ఎందుకున్నయి సార్? ఆళ్ళ ఊళ్ళ గంత వాన వడ్తదా?"

"రోజూ పడుతుందట."

"మరి మనం ఈడ ఎవలికి పాడుతున్నం?"

రామచంద్రరావుగారు బేస్ తీగలు బిగించుకుంటున్నారు. "అదే నాకూ తెలుసుకోవాలని ఉందయ్యా" అన్నారు.

వాళ్ళ పాటల్లో అందరూ అడిగేది ఒకటుంది. కొట్టులో పనిచేసే అమ్మాయి తనకోసం ఎదురుచూసే అబ్బాయితో, వాన వెలిశాక వస్తాను అంటుంది. మార్టిన్ రాసింది అలాగే. రికార్డులో మాట సరిగ్గా వినబడక రెయిన్ ఈజ్ 'గాన్' అన్నదాన్ని జైబా రెయిన్ ఈజ్ 'ఆన్' అని విన్నది. దాంతో ఆమె నోట ఆ అమ్మాయి, వాన మొదలైతే వస్తాను అంటుంది. పాట మొత్తం తిరగబడిపోయింది. రఫీయుద్దీన్ తప్పు పట్టుకునేసరికే రెండు మూడు ప్రదర్శనలు అయిపోయాయి. జైబా మార్చనంది. "అంకుల్, ఇక్కడ వాన వెలిసేదాకా ఆగేవాళ్ళు ఎవరుంటారు? వస్తే చాలని కదా చూస్తాం!" రామచంద్రరావుగారు ఎటూ చెప్పలేదు. అయినా ఆమె అలా పాడినప్పుడు వినేవాళ్ళు చప్పట్లు కొట్టే చోటు మారిందని గమనించానని నాతో అన్నారు. అప్పటినుంచి అలాగే సాగింది.

నిరుడు జనవరిలో మార్టిన్ దగ్గరనుంచి మెసేజ్ వచ్చింది. శ్రీలంక వెళుతూ దోహాలో ఒకరోజు ఆగుతున్నాడట. బ్యాండు పేరు గురించి మాట్లాడాలట.

సంగతి రఫీయుద్దీన్ నెట్‌లో చూసి చెప్పాడు. మొదటి రికార్డు వచ్చి ముప్పై ఏళ్ళయిందని ఇంగ్లండ్‌లో ఆ పాత నలుగురూ మళ్ళీ కలిశారు. ఆ రికార్డును మళ్ళీ విడుదల చేస్తున్నారు. అదే పేరుతో దోహాలో ఇంకో బ్యాండు వీడియోలు పెడుతోందని అక్కడెవరో గమనించారు. ఒకే పేరు, రెండు కొట్లు.

రామచంద్రరావుగారికి ఆ వారమంతా నిలకడ లేదు. మొక్కలకు నీళ్ళు పోస్తూ పోస్తూ గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోవడం నేను గోడ ఇవతలనుంచి చూశాను.

"ఆయన పేరు ఆయనకు ఇచ్చెయ్యండి. వాయించుకోవడానికి పేరెందుకు?" అంది సీతాలక్ష్మి.

"ఇవ్వనని కాదు సీతా. ఇచ్చేస్తే గ్యారెత్, హెలెన్, వీళ్ళంతా ఎక్కడ వాయించినట్టు? మార్టిన్ తప్ప ఆ పాతవాళ్ళకు వీళ్ళెవరో తెలియదు కదా."

సురేందర్‌కు మాత్రం కోపం వచ్చింది. "పేరు ఇచ్చుడేంది సార్? మనమేమన్న దొంగతనం జేసినమా? ఆయననే నడుపుమన్నడు, మనం నడుపుతున్నం."

"ఫికర్ వద్దు రావ్ సాబ్" అన్నాడు రఫీయుద్దీన్. "రానియ్యండి. ముందు కూర్చోబెట్టి వినిపిద్దాం. మాటలు తర్వాత."

మార్టిన్ వచ్చాడు. జుట్టు తెల్లబడింది, ఒళ్ళు వచ్చింది. మెసైమీర్‌లో ఆ వెనక గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. నేనూ సీతాలక్ష్మీ గుమ్మం దగ్గర. వాళ్ళు వాయించడం మొదలుపెట్టారు. సురేందర్ అప్పటికి కూర్చుని కొట్టడం నేర్చుకున్నాడు కానీ ఆ రోజెందుకో మళ్ళీ లేచి నిలబడ్డాడు.

జైబా తన మాటతోనే పాడింది. మార్టిన్ తల ఎత్తాడు. కనుబొమలు దగ్గరకు వచ్చాయి. పాట అయ్యాక, "ఆ లైను మళ్ళీ పాడు" అన్నాడు. జైబా పాడింది. అతను తనలో తను రెండుసార్లు అనుకున్నాడు. "అంటే ఆమె ఇంకా బయల్దేరలేదు. వాన రాలేదు కాబట్టి. అంతేనా?"

"అంతే" అంది జైబా, కొంచెం భయంగా.

"ముప్పై ఏళ్ళుగా పాడుతున్నాను. ఇలా నాకు తోచలేదు" అన్నాడు మార్టిన్. మెచ్చుకున్నాడో, బాధపడ్డాడో మాకు అర్థం కాలేదు.

తర్వాత రామచంద్రరావుగారికి ఇష్టమైన పాట వాయించారు. ఆయన ఆ చోట ఆగారు. ఒక్క ఊపిరి. మళ్ళీ అందుకున్నారు. మార్టిన్ పకపకా నవ్వేశాడు.

"అక్కడ ఎందుకు ఆపావు రావ్?"

"రికార్డులో ఆండీ ఆపాడు కదా."

"నేనున్నన్నాళ్ళూ నీ చేతికి అలసటేమో అనుకున్నాను! రావ్, అది ఆపడం కాదు. రికార్డింగ్‌లో వాడికి తుమ్ము వచ్చింది. మళ్ళీ తియ్యడానికి టైం లేక అలాగే వదిలేశాం."

రామచంద్రరావుగారి ముఖం చూస్తే నాకు జాలేసింది. అన్నేళ్ళు పూజలాగా పాటించింది ఒక తుమ్మునా! ముందు నవ్వింది సీతాలక్ష్మి. గుమ్మానికి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆవిడను చూసి ఆయనా నవ్వారు. సురేందర్‌కు రఫీయుద్దీన్ వివరించేసరికి అతను డ్రమ్ముమీద దబదబా బాదాడు.

రామచంద్రరావుగారు అంతటితో వదిలే మనిషి కాదు. "ఆండీ ఇప్పుడెక్కడున్నాడు?" అన్నారు. మార్టిన్ అప్పటికప్పుడు వీడియో కాల్ చేశాడు. తెరమీద బట్టతల మనిషి ఒకాయన కనిపించాడు. బేకరీ నడుపుతాడట, చేతులకు పిండి ఉంది. రామచంద్రరావుగారు ఫోను రెండు చేతుల్తో పట్టుకున్నారు. ఎప్పుడూ చూడని ఆ మనిషి వేళ్ళ వెంట అన్నేళ్ళు నడిచారాయన. నమస్కారం పెట్టబోయి, ఫోను జారుతుందని ఆగిపోయారు.

విషయం విని ఆండీ తల అడ్డంగా ఊపాడు. "తుమ్మా? ఎవరు చెప్పారు, మార్టినా? అబద్ధం. అక్కడ వాడు పాడేముందు ఊపిరి తీసుకుంటాడు. అది వినబడితే బావుంటుందని నేనే ఆగాను."

"నువ్వు తుమ్మావు!" అని మార్టిన్ ఇటునుంచి అరిచాడు.

"నేను తుమ్మలేదు!"

ఇద్దరూ అలా చాలాసేపు కీచులాడుకున్నారు. రామచంద్రరావుగారు ఒకసారి ఫోను వైపూ, ఒకసారి మార్టిన్ వైపూ చూస్తూ కూర్చున్నారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక రికార్డు పెట్టి ఊపిరి వినబడుతుందో, తుమ్ము వినబడుతుందో అని చెవులు రిక్కించారట. "రెండూ ఉన్నట్టే ఉన్నాయి మాలతిగారూ" అన్నారు మర్నాడు.

పేరు సంగతి భోజనాల దగ్గర తేలిపోయింది. జైబా బిర్యానీ వండింది. మా ఇద్దరికీ, రామచంద్రరావుగారికీ విడిగా కూరగాయలది చేసింది. మార్టిన్ చేత్తో తింటూ, ఇంగ్లండ్‌లో రికార్డు వేసేవాళ్ళు రెండూ ఒకటేనని జనం పొరబడతారని భయపడుతున్నారని చెప్పాడు. పేరు చివర దోహా అని చేరిస్తే వాళ్ళకు చాలట.

"అంతేనా!" అన్నాడు రఫీయుద్దీన్.

సురేందర్‌కు అది కూడా ససేమిరా నచ్చలేదు. "మరి ఆళ్ళు లాంకషైర్ అని పెట్టుకోవద్దా?" అన్నాడు. రామచంద్రరావుగారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెబితే మార్టిన్ తినడం ఆపి, "అతను చెప్పింది న్యాయమే. కానీ నా మాట అక్కడ చెల్లదు" అన్నాడు. సురేందర్ ఇంకో ముక్క వడ్డించుకున్నాడు. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

ఎయిర్‌పోర్టుకు రామచంద్రరావుగారే దిగబెట్టారు. కారులో మార్టిన్, ఇన్నేళ్ళు ఎందుకు వదలలేదని ఆయన్ని అడిగాడట. తణుకులో పుట్టి, దోహాలో చల్లదనం అమ్మి బతికేవాడికి ఆ వానపాటల్లో ఏముంది అని. "నాకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు, అందుకే" అన్నారట ఈయన.

వేసవిలో సురేందర్ కంపెనీ మూతపడే స్థితికి వచ్చింది. అతనికి సౌదీలో డ్యూటీ దొరికింది. వెళ్ళేముందు మా అందరికీ లుసైల్‌లో సముద్రం ఒడ్డున చాయ్ పోయించాడు. సీతాలక్ష్మి కారప్పూస పొట్లం కట్టి ఇస్తే, "గీ సీతక్క చేతి వంట ఆడ ఏడ దొరుకుతది" అని కళ్ళు తుడుచుకున్నాడు. డ్రమ్ములు రఫీయుద్దీన్ ఇంట్లో దుప్పటి కప్పి ఉంచారు. ఆ స్థానానికి మనిషి కోసం జైబా తన క్లినిక్‌కు వచ్చే పేషెంట్లను కూడా అడిగింది. ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ వచ్చి రెండు వారాలు కొట్టి, చర్చిలో ప్రాక్టీసుకు అడ్డమొస్తోందని మానేసింది. లుసైల్‌లో ఆర్కిటెక్టుగా పనిచేసే జయంత్ అనే కుర్రాడు వస్తానన్నాడు. వచ్చే శనివారం చూడాలి.

మొన్న శుక్రవారం నేను వాళ్ళింట్లో ఉండగా సౌదీనుంచి ఫోను వచ్చింది. రామచంద్రరావుగారు స్పీకర్‌లో పెట్టారు.

"సార్, ఈడ మా క్యాంపుల ఇద్దరు దొరికిండ్రు. ఒకాయన నేపాల్ ఆయన, గిటార్ కొడ్తడు. ఇంకొకాయన మన నిర్మల్ సైడు, పేరు లింగన్న. గొంతు మంచిగున్నది. ఆ పాటలు నేర్పుతున్న."

"ఎలా నేర్పుతున్నావయ్యా?"

"మీరు నేర్పినట్టే. మరి సార్, గొడుగుల కొట్టు అని పేరు పెట్టుకోవచ్చా? మీరు ఏమంటరు?"

రామచంద్రరావుగారు మా వైపు చూశారు. సీతాలక్ష్మి నన్ను చూసింది. నేను టీ తాగుతున్నట్టు నటించాను.

"ముందు ఆ లింగన్నను పాడమను" అన్నారాయన కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "వాన లైను దగ్గర ఏమని పాడతాడో వినాలి."